ఇంట్లో టీవీ ఎవరి నెంబరు మీద ఉంది?

కిందటేడు దసరా సెలవుల్లో మా ఇంట్లో కేబుల్ తీయించేశాం. కొత్త స్మార్ట్ టీవీ, ఫైబర్ ఇంటర్నెట్ కనెక్షన్ ఒకేసారి వచ్చాయి. "ఇక ప్రపంచమంతా మన హాల్లోనే" అన్నారు మావారు. పిల్లాడి ఆనందం సరేసరి. నాలుగో రోజు సాయంత్రం వంటింట్లోంచి తొంగిచూస్తే, మా అత్తయ్యగారు ఆపేసి ఉన్న టీవీకి ఎదురుగా కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తున్నారు.

"సీరియల్ టైమయింది కదా, పెట్టుకోలేదేం?" అన్నాను.

"పాత రిమోట్లో అంకెలుండేవే అమ్మాయ్. ఇందులో అంకెలే లేవు. పిల్లాడు ట్యూషన్ నుంచి వచ్చాక పెడతాడులే" అన్నారావిడ.

పిల్లాడు వచ్చేసరికి ఎనిమిదిన్నర దాటింది. వాడు క్రికెట్ పెట్టుకున్నాడు. "నీ సీరియల్ ఎప్పుడైనా చూసుకోవచ్చు మామ్మా, ఎక్కడికీ పోదు" అన్నాడు. వాడన్నది నిజమే. కాని ఆ రోజు ఆవిడ చూడలేదు. మర్నాడూ చూడలేదు. డెబ్భై నాలుగేళ్ల మనిషి, తన ఇంట్లో తన టీవీ పెట్టుకోవడానికి మనవడి కోసం ఎదురుచూడాల్సి వచ్చింది.

ఇంటర్నెట్ ద్వారా టీవీ చూడటం ఇప్పుడు విజయవాడలోనే కాదు, గుడివాడ, బందరు, అవనిగడ్డ దాకా మామూలు సంగతైపోయింది. ఏ టీవీ కొనాలి, ఏ కనెక్షన్ తీసుకోవాలి అని చెప్పేవాళ్లు షాపుల్లో చాలామందే ఉన్నారు. ఆ టీవీ వచ్చాక ఇంట్లో ఎవరికి ఏం పోతుందో చెప్పేవాళ్లే లేరు. మొదలుపెట్టే ముందే అది తెలుసుకుంటే మంచిది.

లేడీస్ క్యూ నుంచి ఇంటి హాలు దాకా

విజయవాడకి వినోదం కొత్త కాదు. గాంధీనగరం సినిమా హాళ్లు మన ఊరి గుర్తింపు. మన అమ్మలు మ్యాట్నీకి వెళ్లాలంటే ఇంటి పని తెముల్చుకోవాలి, తోడు దొరకాలి, లేడీస్ క్యూలో నిలబడాలి. 1987లో దూరదర్శన్‌లో రామాయణం మొదలయ్యాక ఆదివారం పొద్దున టీవీ ఉన్న ఇంటికి వాడంతా వచ్చి కూర్చునేది. 1995లో జెమినీ టీవీ, ఈటీవీ రావడంతో తెలుగు కార్యక్రమాలకు కరువు తీరింది. వీధి కేబుల్ అబ్బాయి మన ఇంట్లో మనిషిలా తెలిసినవాడు. బొమ్మ రాకపోతే గుమ్మంలో నిలబడి కేకేస్తే వచ్చేవాడు. నెల డబ్బులు ఆడవాళ్లమే మన చేత్తో ఇచ్చేవాళ్లం. కనెక్షన్ ఎవరి పేరుమీద ఉందన్న ప్రశ్నే రాలేదు.

2019 ఫిబ్రవరి 1 నుంచి ట్రాయ్ కొత్త పద్ధతి తెచ్చింది. నచ్చిన చానళ్లకే డబ్బు కట్టండి, వంద చానళ్లకు నెట్‌వర్క్ చార్జీ 130 రూపాయలు, పైన పన్ను అన్నారు. కాగితం మీద ఎంపిక మనదే. ఆచరణలో చాలా ఇళ్లలో ఆపరేటరు రాసిచ్చిన ప్యాకే మన ఎంపిక అయింది. ఎంచుకునే హక్కు ఉండటం వేరు, ఎంచుకోవడం తెలిసి ఉండటం వేరు. ఇప్పుడు ఇంటర్నెట్ టీవీ విషయంలోనూ అదే జరుగుతోంది.

ఆ తర్వాత కరోనా వచ్చింది. 2020లో హాళ్లు మూతపడ్డాయి. ఆ ఏడాది ఉగాదికి 'ఆహా' తెలుగు కోసమే మొదలైంది. సెప్టెంబరులో నాని నటించిన 'వి' హాలు ముఖం చూడకుండా నేరుగా ఇళ్లకే వచ్చింది. ఈటీవీ వాళ్ల 'విన్'లో 2024 జనవరిలో వచ్చిన 'నైన్టీస్, ఎ మిడిల్ క్లాస్ బయోపిక్' గురించి మా వీధిలో పాత సీరియళ్ల గురించి మాట్లాడుకున్నట్టే మాట్లాడుకున్నారు. తెలుగులో చూడటానికేముంది అనే రోజులు పోయాయి.

కరెంటు స్తంభాల మీదుగా వచ్చిన టీవీ

ఈ కథలో మన రాష్ట్రానికి ఓ ప్రత్యేకత ఉంది. ఇంటింటికీ తీగ వెయ్యాలంటే రోడ్లు తవ్వాలి, అది ఏళ్ల పని. 2015లో ఏర్పడిన ఏపీ ఫైబర్‌నెట్ సంస్థ కరెంటు స్తంభాల మీదుగా దాదాపు 24 వేల కిలోమీటర్ల తీగ లాగింది. 2017 డిసెంబరు 27న అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ దాన్ని జాతికి అంకితం చేశారు. ఇంటర్నెట్, టీవీ చానళ్లు, ఫోను మూడూ కలిపి నెలకు 149 రూపాయల నుంచి అన్నారు. ఆ ధరలు తర్వాత మారాయి. 2023 జూన్‌లో 'ఫస్ట్ డే ఫస్ట్ షో' పేరుతో విడుదల రోజునే కొత్త సినిమాను 99 రూపాయలకు, 24 గంటల పాటు చూసే ఏర్పాటు కూడా చేశారు.

చెప్పుకోవాల్సిందేమిటంటే, ఆ తీగను ఇంట్లోకి తెచ్చింది పాత కేబుల్ ఆపరేటర్లే. వాళ్లిచ్చిన పెట్టెకి రిమోట్ ఉంది. ఆ రిమోట్‌కి అంకెలున్నాయి. మా అత్తయ్యగారి కష్టానికి మందు అక్కడే ఉందని నాకు తర్వాతగాని తెలియలేదు.

ఇంటర్నెట్ టీవీ రెండు రకాలు

మొదటి రకం ఐపీటీవీ. అంటే కేబుల్లో వచ్చే చానళ్లే ఇంటర్నెట్ తీగ మీద వస్తాయి. పెట్టె ఉంటుంది, చానల్ నెంబర్లుంటాయి, సీరియల్ దాని టైముకి అది వస్తుంది. చూసేవాళ్లకు పాత కేబుల్‌కీ దీనికీ పెద్ద తేడా తెలియదు.

రెండో రకం ఓటీటీ. ఆహా, విన్, నెట్‌ఫ్లిక్స్, ప్రైమ్, జియోహాట్‌స్టార్ వంటివి. వీటికి చానల్ నెంబరు ఉండదు, టైము ఉండదు. అకౌంటు ఉంటుంది. ఆ అకౌంటు ఒక ఫోన్ నెంబరు మీదో ఈమెయిల్ మీదో ఉంటుంది. డబ్బు కడితే తెరుచుకుంటుంది, కట్టకపోతే మూసుకుంటుంది.

షాపువాడు "స్మార్ట్ టీవీలో అన్నీ వస్తాయండీ" అంటాడు. అన్నీ వస్తాయి, కాని రెండో పద్ధతిలో వస్తాయి. ఇంట్లో పెద్దవాళ్లుంటే మొదటి రకాన్ని తీసెయ్యకండి. కేబులో, డీటీహెచ్చో, ఫైబర్ పెట్టెలో చానళ్లో, ఏదో ఒకటి అంకెల రిమోట్‌తో ఉండనివ్వండి.

ఇంకో సంగతి. ఉన్న టీవీ బాగానే ఉండి, వెనకాల హెచ్‌డీఎంఐ సాకెట్ ఉంటే కొత్త టీవీ అక్కర్లేదు. చిన్న స్టిక్ గుచ్చితే పాత టీవీయే ఓటీటీ టీవీ అవుతుంది. పెట్టాల్సిన చోట ముందు స్టిక్ ధర అడగండి, టీవీ ధర తర్వాత.

'తర్వాత చూసుకో' అనే మాట

ఇప్పుడు అసలు విషయానికొస్తాను. కేంద్ర ప్రభుత్వం 2024లో జరిపిన సమయ వినియోగ సర్వే ప్రకారం మన దేశంలో ఇంటిపని చేసే ఆడవాళ్లు దానికి రోజుకు 289 నిమిషాలు వెచ్చిస్తున్నారు. మగవాళ్లు 88 నిమిషాలు. దాదాపు అయిదు గంటలు ఒకరిది, గంటన్నర మరొకరిది.

ఆ అయిదు గంటల మధ్య ఒక అరగంట సీరియల్ ఉండేది. దాన్ని ఎంతమంది ఎన్నిసార్లు వెక్కిరించారో లెక్కలేదు. కథలు రాసేదాన్నై ఉండి నేనూ వెక్కిరించాను. కాని ఒక్క మాట ఒప్పుకోవాలి. ఎనిమిదింటికి సీరియల్ అంటే ఎనిమిదింటికే. ఆ టైము దాటితే పోయినట్టే. అందుకని ఇంట్లో అందరూ ఆ అరగంట వదిలేసేవారు. "అమ్మ సీరియల్ చూస్తోంది, అయ్యాక అన్నం పెడుతుంది" అనే మాట చెల్లేది. ఆడదాని తీరిక చుట్టూ ఆ టైము ఒక దడి కట్టింది.

ఇంటర్నెట్ టీవీ ఆ దడిని పీకేసింది. ఎప్పుడైనా చూసుకోవచ్చు అన్నది సౌకర్యమే, కాదనను. ఆఫీసుకు వెళ్లే ఆడవాళ్లకు ఎంతో మేలు. కాని ఎప్పుడైనా చూసుకోవచ్చు అనేది మన ఇళ్లలో వెంటనే 'తర్వాత చూసుకో' అవుతుంది. ముందు మ్యాచ్, తర్వాత వార్తలు, తర్వాత పిల్లల సినిమా, ఆ తర్వాత గిన్నెలు, పాలు తోడుపెట్టడం. పదకొండింటికి ఎవరికి ఓపిక ఉంటుంది?

అందుకని మొదటి సలహా సాంకేతికమైంది కాదు. టైము మీరే పెట్టుకోండి. టీవీకి టైము లేకపోయినా మీకుండాలి. రోజూ ఫలానా అరగంట మీదని ఇంట్లో చెప్పండి. అడిగితేనే అమ్మయినా పెడుతుందంటారు కదా.

ఓటీపీ ఎవరి ఫోన్‌కి వస్తుంది?

ఓ రాత్రి మా టీవీలో ఒక యాప్ ఉన్నట్టుండి లాగవుట్ అయింది. మళ్లీ తెరవాలంటే ఓటీపీ కావాలి. ఆ నెంబరు మావారిది. ఆయన రైల్లో ఉన్నారు, సిగ్నల్ లేదు. డబ్బు ఇంటి ఖర్చులోంచే కట్టాం. టీవీ మా హాల్లోనే ఉంది. కాని తాళంచెవి రైలెక్కి వెళ్లిపోయింది!

చాలా ఇళ్లలో ఇదే పరిస్థితి. అకౌంటు భర్త నెంబరు మీదో కొడుకు నెంబరు మీదో ఉంటుంది. అందులో చెడ్డ ఉద్దేశమేమీ లేదు. షాపులో ఆయన ఉన్నారు, ఆయన ఫోన్ ఇచ్చారు, అంతే. మీరు ఇంట్లో ఎక్కువసేపు ఉండేవారైతే కనీసం ఒక్క అకౌంటైనా మీ నెంబరు మీద తెరవండి. వైఫై పాస్‌వర్డ్, అకౌంట్ల వివరాలు పాలవాడి లెక్క రాసుకునే పుస్తకంలోనే వెనక పేజీలో రాసుకోండి. ఓటీపీ మాత్రం ఫోన్‌లో అడిగినవాళ్లెవరికీ చెప్పకండి, కంపెనీ నుంచి అంటూ మాట్లాడినా సరే.

ఒక్కో అకౌంటులో మనిషికో ప్రొఫైల్ పెట్టుకోవచ్చు. మీ పేరుతో ఒకటి పెట్టుకోండి. లేకపోతే మీరు చూసే కథల మధ్య మీవారి యుద్ధాల సినిమాలు, పిల్లల బొమ్మల సినిమాలు కలగాపులగంగా వచ్చిపడతాయి. మీరు ఎక్కడిదాకా చూశారో, ఏం చూశారో మీ గదిలోనే ఉంటుంది.

అమెరికాలో ఉన్న అమ్మాయి లాగిన్‌తో ఇక్కడ అమ్మానాన్నలు సినిమాలు చూడటం మన కృష్ణా జిల్లా ఊళ్లలో చాలా ఇళ్లలో ఉన్న సంగతే. నెట్‌ఫ్లిక్స్ 2023 జూలైలో మన దేశంలో కూడా ఒక అకౌంటు ఒక ఇంటివాళ్లకే అని నియమం పెట్టింది. మా పక్కింటి పిన్నిగారు "అమ్మాయి ఇంటిమనిషి కాదటమ్మా!" అని నవ్వారు గాని, ఆ నవ్వులో చిన్న బాధ ఉంది. ఇలాంటి అరువు తాళంచెవి మీద ఆధారపడితే ఏదో ఒక రోజు ఇబ్బందే.

నెల లెక్క

కేబుల్ రోజుల్లో ఒకటే బిల్లు. ఇప్పుడు చీర కొంగుకి కట్టుకున్న ముడుల్లాగా ఎక్కడెక్కడో ఉంటాయి. ఇంటర్నెట్‌కి నెలకింత, ఒక యాప్‌కి నెలకి, ఒకదానికి మూడు నెలలకి, ఇంకోదానికి ఏడాదికి. నెట్‌ఫ్లిక్స్ 2021 డిసెంబరులో ఇక్కడ ధరలు తగ్గించినప్పుడు ఫోన్‌లో మాత్రమే చూసే ప్లాను 149, అన్నిటికన్నా పెద్దది 649 రూపాయలు పెట్టింది. ఇవి మారుతూ ఉంటాయి. డబ్బు కట్టినా ప్రకటనలు తప్పని ప్లాన్లు కూడా వచ్చాయి. 2025 జూన్ నుంచి ప్రైమ్ వీడియోలోనూ ప్రకటనలు మొదలయ్యాయి, అవి వద్దంటే అదనంగా కట్టాలి.

మా ఇంట్లో పిల్లాడు 'ఉచితంగా చూడండి' అన్నదాన్ని నొక్కాడు. నెల తిరిగేసరికి ఖాతాలోంచి ఏడాది డబ్బు కట్ అయింది. ఎవరినని ఏం లాభం, నొక్కింది మనమే. తర్వాత తెలుసుకున్నది చెబుతాను. రిజర్వు బ్యాంకు 2021 అక్టోబరు 1 నుంచి ఒక నియమం పెట్టింది. ఇలా తనంతట తనే కట్టయ్యే చెల్లింపులకు కనీసం 24 గంటల ముందు ఖాతాదారుకు సమాచారం పంపాలి. వద్దనుకుంటే ఆపుకునే వీలుండాలి. ఆ మెసేజ్ వచ్చింది కూడా, ప్రకటనల మెసేజ్‌ల మధ్య ఎవరూ చూడలేదు. యూపీఐ యాప్‌లో 'ఆటోపే' అనే చోట ఏవేవి కడుతున్నామో జాబితా ఉంటుంది. నెలకోసారి చూసి, చూడని యాప్‌ని తీసెయ్యండి. అన్నీ ఒకేసారి అక్కర్లేదు. ఈ నెల ఒకటి, వచ్చే నెల ఇంకోటి. వంటింట్లో సరుకులు అలాగే కదా తెచ్చుకుంటాం!

ఉచితమైనవీ ఉన్నాయి. ప్రసార భారతి 2024 నవంబరులో 'వేవ్స్' అనే యాప్ తెచ్చింది. దూరదర్శన్ చానళ్లు, ఆకాశవాణి, పాత కార్యక్రమాలు అందులో దొరుకుతాయి. ముందు దీనితో చెయ్యి తిప్పుకోవడం నేర్చుకుని, తర్వాత డబ్బు కట్టేవాటి దగ్గరకు వెళ్లొచ్చు.

వేగం ఎంత కావాలి?

కనెక్షన్ అమ్మేవాళ్లు 200, 300 ఎంబీపీఎస్ అంటారు. హెచ్‌డీ బొమ్మకు 5 ఎంబీపీఎస్ వేగం చాలు, పెద్ద 4కె టీవీకి 15. హాల్లో ఒకరు, గదిలో ఇద్దరు చూసే మామూలు ఇంటికి 50 వేగం సరిపోతుంది. ఫోన్ డేటాతో టీవీ నడుపుదామంటే మాత్రం కుదరదు. హెచ్‌డీలో గంటకు 3 జీబీ దాకా ఖర్చవుతుంది. రోజుకు ఒకటిన్నర జీబీ ప్యాకు అరగంటకే అయిపోతుంది. సగం సినిమాలో బొమ్మ ఆగిపోయి గుండ్రంగా తిరుగుతుంటే చిరాకే చిరాకు.

వేగం ఉన్నా బొమ్మ ఆగుతుంటే రౌటర్ ఎక్కడుందో చూడండి. సత్యనారాయణపురం, వన్‌టౌన్ వైపు పాత ఇళ్ల గోడలు మందం. వీధి గదిలో రౌటర్, నాలుగు గోడల అవతల టీవీ అయితే సిగ్నల్ చేరదు. రౌటర్‌ని టీవీ దగ్గరకు తేవాలి, లేదా రెంటినీ తీగతో కలపాలి. కనెక్షన్ ఇచ్చే కుర్రాడు ఉండగానే ఆ పని చేయించండి. తర్వాత వాడు దొరకడు.

పిల్లల సంగతి

హాల్లో టీవీ ఉంటే ఎవరేం చూస్తున్నారో తెలుస్తుంది. ఇప్పుడు అదే అకౌంటు గదిలో ఫోన్ మీద కూడా తెరుచుకుంటుంది. 2021 ఫిబ్రవరిలో కేంద్రం తెచ్చిన నియమాల ప్రకారం ఓటీటీల్లో ప్రతి కార్యక్రమానికీ వయసు గుర్తు ఉండాలి. అందరికీ అయితే 'యు', తర్వాత ఏడేళ్లు, పదమూడేళ్లు, పదహారేళ్లు దాటినవాళ్లకు 'యు/ఎ', పెద్దవాళ్లకే అయితే 'ఎ'. పదమూడు, ఆపైన గుర్తున్నవాటికి తల్లిదండ్రులు తాళం వేసుకునే వీలుండాలి. 2024 మార్చిలో అసభ్యత పేరుమీద 18 ఓటీటీలను కేంద్రం నిలిపేసింది కూడా.

నియమం ఉన్నా తాళం వెయ్యాల్సింది మనమే. పిల్లలకు వేరే ప్రొఫైల్ పెట్టి, మీ ప్రొఫైల్‌కి నాలుగంకెల పిన్ పెట్టండి. ఆ పిన్ పిల్లాడి పుట్టినరోజు కాకుండా చూసుకోండి. వాడు మొదట నొక్కేది అదే!

వరదొచ్చిన రోజు

2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి సింగ్‌నగర్ వైపు కాలనీలు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. కరెంటు లేదు, ఫోన్ల చార్జింగు అయిపోయింది. కరెంటు లేకపోతే రౌటర్ పనిచెయ్యదు. స్తంభం ఒరిగితే తీగే తెగుతుంది. వార్త అత్యవసరమైన రోజునే ఈ టీవీ మూగబోతుంది. తుఫాన్లు, వరదలు మనకు చుట్టాలు. రౌటర్‌కి చిన్న బ్యాటరీ పెట్టె పెట్టుకుంటే మామూలు కరెంటు కోతలకు సరిపోతుంది. దానితోపాటు సెల్స్‌తో నడిచే ఒక రేడియో అటక మీద నుంచి కిందికి దించండి. విజయవాడ ఆకాశవాణి 1948 నుంచి పలుకుతూనే ఉంది.

మళ్లీ అంకెల రిమోట్

చివరికి మేం చేసిన పని చిన్నదే. ఫైబర్ ఆపరేటరు దగ్గర చానళ్ల పెట్టె తెప్పించాం. కనెక్షన్ నా నెంబరు మీదకు మార్పించాను. అంకెల రిమోట్ మీద అత్తయ్యగారు చూసే మూడు చానళ్ల నెంబర్లు కాగితం మీద పెద్దగా రాసి టీవీ పక్కన అంటించాను. సాయంత్రం ఎనిమిది నుంచి ఎనిమిదిన్నర ఆవిడది, తొమ్మిదిన్నర నుంచి పది నాది అని చెప్పాను. మ్యాచ్ ఉన్నరోజు పిల్లాడు ఫోన్‌లో చూసుకుంటాడు. మొదట్లో గొణిగాడు, ఇప్పుడు అలవాటు పడ్డాడు.

మొన్నొక రోజు నేను వంటింట్లో ఉండగా హాల్లోంచి సీరియల్ పాట వినిపించింది. పిల్లాడు ఇంకా ట్యూషన్ నుంచి రాలేదు. "ఎవరు పెట్టారండీ?" అన్నాను.

"ఎవరు పెడతారు, నేనే" అన్నారు అత్తయ్యగారు, తల తిప్పకుండానే.